అందరి నాన్నా బిజినెస్‌మనే

ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో, నేను పదహారేళ్లు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పాను. ఆ బిల్డింగుకు లిఫ్ట్ ఉండేది కానీ అది నడవగా చూసింది తక్కువ. మెట్లెక్కి వచ్చేసరికి పిల్లలకూ పెద్దలకూ ఆయాసం వచ్చేది. ఆ ఆయాసం తీరకముందే వాళ్ల చేత గుడ్ మార్నింగ్ చెప్పించేవాణ్ణి. ఇంగ్లీషంటే ఊపిరాడని వ్యవహారమని మొదటి రోజే వాళ్లకు తెలిసిపోయేది.

గంట సేపు పాఠం, చివరి ఇరవై నిమిషాలు సందేహాలు. పాఠానికి నేను భయపడలేదు. నా భయమంతా ఆ ఇరవై నిమిషాలకే. సిన్స్ ఎక్కడ వాడాలి, ఫర్ ఎక్కడ వాడాలి అని అడిగితే తేలికే. డిడ్ పక్కన వెంట్ ఎందుకు రాదంటే దానికీ పుస్తకంలో జవాబుంది. కానీ వాళ్లు అక్కడితో ఆగరు గదా. "ఐ యామ్ హావింగ్ టూ చిల్డ్రన్ అంటే తప్పంటున్రు. మరి ఐ యామ్ హావింగ్ టీ అంటే ఎట్ల కరెక్టయితది సార్?" అని ఒకమ్మాయి. ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల హోల్‌సేల్ దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి, నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఒకరోజు లేచి నిలబడి, "మనుమన్నీ యూ అనుడే, కలెక్టరునీ యూ అనుడేనా? గిదేం భాష సార్, జర గూడ మర్యాద లేదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, ఆ నవ్వుల్లోనే టైమైపోయిందని బోర్డు తుడిచేశాను. మంచి ప్రశ్న అది. 

తెలియని ప్రశ్నకు నా దగ్గర ఒకటే మందు ఉండేది. "అది యూసేజ్. యూసేజ్‌కు కారణాలుండవు. బట్టీ పట్టండి" అనేవాణ్ణి. ఆ మాట అనేటప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకునేవాణ్ణి కూడా. దాంతో ఎదుటివాళ్లకు మళ్లీ అడగాలనిపించేది కాదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి ఏరి తెచ్చుకున్న రెండు గ్రామర్ పుస్తకాలే నా ఆస్తి. నా విద్యార్థుల కంటే నేను ఎప్పుడూ ఒక్క పాఠం ముందుండేవాణ్ణి, అంతే.

మా సంస్థకు పేరు తెచ్చింది నా పాఠాలు కాదు, ఒక జిరాక్స్ కాగితం. దాన్ని అందరూ సెల్ఫ్ ఇంట్రడక్షన్ అనేవాళ్లు. ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అని అడుగుతారు కదా, అప్పుడు అప్పజెప్పడానికి నేను రాసిన పన్నెండు వాక్యాలు. పేరుకూ ఊరికీ మాత్రం ఖాళీలు వదిలాను. మిగతా అంతా అచ్చు. ఐ హెయిల్ ఫ్రమ్ ఎ రెస్పెక్టబుల్ ఫ్యామిలీ. మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మన్. మై హాబీస్ ఆర్ గార్డెనింగ్ అండ్ రీడింగ్ బుక్స్. ఇలా సాగుతుంది. ఒక్క తప్పు లేదు అందులో. చేరిన పదో రోజున ఆ కాగితం చేతికిచ్చేవాణ్ణి. నెల తిరిగేసరికి ఎవరిని నిద్రలేపి అడిగినా గడగడా చెప్పేవాళ్లు. మా దగ్గర నేర్చుకున్నవాళ్లు చెల్లెళ్లకిచ్చారు, పక్కింటివాళ్లకిచ్చారు. వేరే సంస్థలవాళ్లు కూడా పైన మా పేరు కొట్టేసి వాడుకున్నారు. దొంగతనం జరిగిందని మా ఓనరు మండిపడ్డాడు. నాకు మాత్రం లోపల గర్వంగానే ఉండేది.

ఆ కాగితం నేను ఊహించి రాసింది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసులో, నా మొదటి ఇంటర్వ్యూలో, నేను చెప్పిన మాటలవి. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. మిర్చి బస్తాలు మోసేవాడు. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లో అందరికీ తుమ్ములు మొదలయ్యేవి. ఆయన చొక్కా విడిగా ఉతికేది మా అమ్మ. నాన్న ఏం చేస్తాడని ఆ ఇంటర్వ్యూలో అడిగితే, ఉస్మాన్‌గంజ్‌లో బిజినెస్ అన్నాను. వాళ్లు ఇంకేమీ అడగలేదు, ఉద్యోగం వచ్చింది. అబద్ధం అంత బాగా పనిచేస్తుందని నాకప్పుడే తెలిసింది. మా నాన్న ఈ సంగతి తెలియకుండానే పోయాడు. తెలిసినా ఏమీ అనేవాడు కాదు. అనడన్న ధీమాతోనే అన్నాను కాబోలు.

ఇక ఆమె సంగతికొస్తాను. దీన్ని రాయడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో చదివితే మీకే తెలుస్తుంది.

ఆమెకు ముప్పై రెండు, ముప్పై మూడు ఉంటాయి. పాలమూరు వైపు నుంచి పెళ్లై హైదరాబాద్ వచ్చింది. మొజంజాహీ మార్కెట్‌లో ఒక ఐస్‌క్రీం దుకాణంలో పని. డబ్బాలోంచి గరిటెతో ఐస్‌క్రీం తోడి కప్పుల్లో వేసే పని. ఏడేళ్లుగా అదే చేస్తోంది. పొద్దున ఏడింటి బ్యాచ్‌కు వచ్చి, ఇటు నుంచి ఇటే దుకాణానికి వెళ్లేది. మొదటి రోజు పేరు రాయించుకుంటూ ఇంగ్లీష్ ఎందుకు నేర్చుకుంటున్నావమ్మా అని అడిగితే, మాటలతో చెప్పకుండా కుడిచెయ్యి చాపి చూపించింది. మూడు వేళ్ల కొసలు తెల్లగా, రక్తం లేనట్టున్నాయి.

"ఐస్ సలికి గిట్ల అయినయి సార్. తిమ్మిరి పోతలేదు. దవాఖానల డాక్టరు ఈ పని బంద్ జెయ్యమన్నడు. ఇడిస్తె వేరే కొలువు గావాలె గద. కూసొని చేసెటిది, సలి లేనిది."

అలాంటి ఉద్యోగం ఒకటి ఆమె దృష్టిలో ఉంది. రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబు కంపెనీ ఊళ్లో కొత్త సెంటర్లు పెడుతోంది, రిసెప్షన్‌లో కూర్చునేవాళ్లు కావాలి. ఇంటర్ పాసైతే చాలు, కాస్త ఇంగ్లీష్ రావాలి. ఆమె ఇంటర్ పాసైంది. రెండు నెలల్లో ఇంటర్వ్యూలు.

ఇంత శ్రద్ధగా నేర్చుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. దుకాణానికి వచ్చేవాళ్లు అన్న మాటలన్నీ గుర్తుపెట్టుకుని మర్నాడు సందేహాల టైములో అడిగేది. ఒకాయన స్మాల్ కప్ అన్నడు, ఇంకొకాయన లిటిల్ అన్నడు, రెండూ ఒకటేనా? ఒకామె ఐ కుడ్ డూ విత్ సమ్ వాటర్ అన్నది, నీళ్లు గావాలన్నట్టా వద్దన్నట్టా? నేను కొన్నిటికి చెప్పాను, కొన్నిటికి కళ్లజోడు తుడుచుకున్నాను.

పదో రోజున ఆమెకూ కాగితం ఇచ్చాను. ఆ మర్నాడు లేచి నిలబడింది.

"సార్, ఒక డౌటు. మా నాయిన ఊళ్లె గొర్లు కాస్తడు. గొర్లు కాసెటాయనను ఇంగ్లీషుల ఏమంటరు సార్?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు. పెన్ను పట్టుకుని, నోట్‌బుక్ తెరిచి, నా జవాబు కోసం చూస్తోంది.

ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఫుట్‌పాత్ పుస్తకాలు కూడా అక్కర్లేదు, అది మూడో క్లాసు పాఠంలో ఉండే మాట. కానీ అది చెప్పకుండా, "ఎందుకమ్మా ఇప్పుడవన్నీ? బిజినెస్‌మన్ అని రాసిచ్చాను కదా, అది చెప్పు చాలు" అన్నాను.

"గది నిజం గాదు గద సార్?"

"ఇంటర్వ్యూలో నిజాలెవరడుగుతారమ్మా, ఇంగ్లీష్ చూస్తారు. గొర్రెల సంగతి నువ్వెత్తితే వాళ్లు పది ప్రశ్నలేస్తారు. పదింటికీ చెప్పగలవా?"

క్లాసు నవ్వింది. నవ్వించడం నాకు బాగా వచ్చిన విద్య. ఆమె "ఔ సార్" అని కూర్చుంది. తర్వాత ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. నోట్‌బుక్ మూసేసింది. నాకు ఆ రోజు కోపం వచ్చింది కూడా. ఎందుకు వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. తన తండ్రి పని ఏమిటో నలుగురిలో అంత మామూలుగా చెప్పిన మనిషిని చూసి నాకు ఒళ్లు మండింది. నేను ఇన్నేళ్లుగా చెప్పలేనిది అది.

ఇంటర్వ్యూలకు రెండు వారాల ముందు మా ఓనరు ఉత్సాహంగా పిలిచాడు. ఆ ల్యాబు కంపెనీవాళ్లు అభ్యర్థుల ఇంగ్లీష్ చూడటానికి బయటి నుంచి ఒక మనిషి కావాలన్నారట, ఆయన నా పేరు చెప్పాడట. "మనకు ఇజ్జత్ సార్ ఇది" అన్నాడు. నా విద్యార్థులు కూడా వస్తారేమో అని ఒక్కసారి అనిపించింది. వస్తే ఏమైంది, మంచిదే కదా అనుకున్నాను. ఆమె వస్తుందని తెలుసు. ఆమెకు నేను కూర్చుంటున్నానని చెప్పలేదు. గొప్ప కోసం దాచాను, తలుపు తీయగానే నన్ను చూసి సంతోషిస్తుందని.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక హోటల్లో చిన్న హాలు తీసుకున్నారు. బల్ల వెనక ముగ్గురం. కంపెనీ తరఫున ఒక కుర్ర ఆఫీసరు, మాటకారి. సెంటర్లన్నీ చూసుకునే మేనేజరు, యాభై దాటినావిడ, తక్కువ మాట్లాడి ఎక్కువ వింటుంది. చివరి కుర్చీలో నేను, కోటు వేసుకుని.

మొదటి అమ్మాయి వచ్చింది. మీ గురించి చెప్పమన్నారు. ఐ హెయిల్ ఫ్రమ్ ఎ రెస్పెక్టబుల్ ఫ్యామిలీ అని మొదలుపెట్టింది. మై ఫాదర్ ఈజ్ ఎ బిజినెస్‌మన్. నేను తలూపాను, నా మాటలు విని సంబరపడుతూ. రెండో అబ్బాయి కూడా అదే. మూడో అమ్మాయి అదే, గార్డెనింగుతో సహా. ఏ ఒక్కరూ నా దగ్గర చదివినవాళ్లు కాదు. నాలుగో మనిషి వచ్చేసరికి ఆ ఆఫీసరుకు వరుస తెలిసిపోయింది. ఫైలు అడ్డం పెట్టుకుని, అభ్యర్థి కంటే ఒక వాక్యం ముందు పెదవులు కదపడం మొదలుపెట్టాడు. ఆ మనిషి బయటికి వెళ్లగానే పగలబడి నవ్వాడు.

"ఎవడు రాశాడో గాని మేడమ్, హైదరాబాద్‌లో నాన్నలందరినీ బిజినెస్‌మన్లను చేసి పారేశాడు. దొరికితే ఒక దండ వేద్దును."

మేనేజరు చిన్నగా నవ్వింది. నేను ఇద్దరికంటే గట్టిగా నవ్వాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. నేను భుజాలు కూడా తడుముకోలేదు, అంత ఆరితేరాను. "కోచింగ్ సెంటర్లు సార్, ఏం చేస్తాం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఇప్పటికీ అది గుర్తొస్తే ఒక్కణ్ణే ఉన్నా ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

తొమ్మిదో మనిషిగా ఆమె వచ్చింది. నీలం చీర, తలకు నూనె, చేతిలో ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు. తలుపు తీసి నన్ను చూసింది. ఆమె ముఖం నేననుకున్నట్టే వెలిగిపోయింది. నేను ఫైలులోకి తల దించాను.

ఆమెకు వెంటనే అర్థమైంది. తెలిసిన మనిషిని చూసినట్టు మళ్లీ చూడలేదు. నమస్కారం ముగ్గురికీ కలిపి పెట్టి కూర్చుంది.

పన్నెండు వాక్యాలూ తడబడకుండా చెప్పింది. అంత శుభ్రంగా ఆ రోజు ఇంకెవరూ చెప్పలేదు. పక్కన ఆఫీసరు పెదవులు కదులుతున్నాయి. ఆమె చూస్తోంది, ఎందుకలా కదుపుతున్నాడో తెలియక ఇంకా శ్రద్ధగా చెబుతోంది.

మేనేజరు పెన్ను కింద పెట్టి, మీ నాన్నగారు ఏం బిజినెస్ చేస్తారని ఇంగ్లీషులో అడిగింది. ఎగతాళికి కాదు, మామూలుగానే అడిగింది. ఎనిమిది మందినీ అడగనిది ఈమెనే ఎందుకడిగిందో తెలియదు. ఆమె చెప్పిన తీరు చూసి, ఈ మనిషితో నిజంగా మాట్లాడాలనిపించిందేమో.

ప్రశ్న ఆమెకు అర్థమైంది. జవాబూ ఆమె దగ్గర ఉంది. ఆ జవాబుకు ఇంగ్లీష్ మాట మాత్రం లేదు. మా నడుమ ఒక బల్ల వెడల్పు దూరం. ఆమె నా వైపు చూసింది. షెపర్డ్ అన్న మాట నా నాలుక మీదే ఉంది. చెప్పనక్కర్లేదు, తెలుగులో చెప్పమ్మా అని అన్నా చాలు. అప్పజెప్పాల్సిన మనిషిని కాదు నేనక్కడ, అడిగేవాణ్ణి, ఆ మాట అనే హక్కు ఉన్నవాణ్ణి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

చివరికి మేనేజరే అంది, "తెలుగులో చెప్పమ్మా, పర్వాలేదు."

"మా నాయిన గొర్లు కాస్తడు మేడమ్."

"మంచిదేగా. మరి బిజినెస్‌మన్ అని ఎందుకు చెప్పావు?"

ఆమె ఒళ్లో పెట్టుకున్న కవరును ఆ తెల్లబడ్డ వేళ్లతో మడుస్తోంది.

"ఎవరైనా అలా చెప్పమన్నారా?"

ఆమె చూపు బల్ల మీదుగా నా చేతి దాకా వచ్చింది. నా పెన్ను దగ్గర ఆగింది. అంతకంటే పైకి రాలేదు.

"లేదు మేడమ్. నేనే అన్న."

ఆమె బయటికి వెళ్లాక మేనేజరు ఆమె కాగితం ముందుకు లాక్కుంది. "చురుకైన మనిషే. కానీ కన్నతండ్రి పనే చెప్పుకోలేకపోయింది. రేపు రిపోర్టు ఆలస్యమైతే పేషెంటుకు కూడా ఇలాగే ఏదో ఒకటి చెబుతుంది. మీరేమంటారు మాస్టారూ?" అని నన్నడిగింది.

"లాంగ్వేజ్ బాగానే ఉంది. కొంచెం బట్టీ పట్టినట్టుంది" అన్నాను.

చూడండి ఆ జవాబు ఎంత తెలివైనదో. ఒక్క అక్షరం అబద్ధం కాదు. మేనేజరు ఆమె పేరు మీద గీత గీసింది. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించారు, తిన్నాను. సాయంత్రం దాకా కూర్చుని, ఆఫీసరుతో కలిసి ఇంకో నాలుగుసార్లు నవ్వి, కంపెనీవాళ్ల చేత శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు ఏడింటి బ్యాచ్‌కు ఆమె రాదనుకున్నాను. రాకపోతే బాగుండునని కోరుకున్నాను. ఆరున్నరకు తాళం తీస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉంది. ఇంకెవరూ రాలేదు. నిలదీయడానికే ముందొచ్చిందనుకున్నాను. నిలదీస్తే ఏం చెప్పాలో తాళం తిప్పుతూ మనసులో కూర్చుకున్నాను. ఇంటర్వ్యూ రూల్సు ఉంటాయమ్మా, తెలిసినవాళ్లతో మాట్లాడకూడదమ్మా, ఇలాంటివేవో.

ఆమె లేచి నిలబడి చేతులు కట్టుకుంది.

"మాఫ్ జెయ్యిండ్రి సార్" అంది.

నాకు అర్థం కాలేదు. ఎందుకమ్మా అన్నాను.

"గింత మంచిగ నేర్పిన్రు. ఒక్క మాటకాడ నేనే ఆగం జేసిన. మీరు గాడ కూసున్నరు, మీ ముందటనే గట్లయిపాయె. రాత్రంత గదే ఫికరు సార్." గొంతు తగ్గించింది. "నేను మీ దగ్గర సదువుకున్నదాన్నని మాత్రం వాళ్లకు తెల్వనియ్యలే. తెలిస్తే మీ ఇజ్జత్ పోతుండె. నావల్ల మీకేం మాట రాలే గద సార్?"

చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పవచ్చు. అబద్ధం నీది కాదమ్మా, నాది, ఆ కాగితంలో ఉన్న తండ్రి మా నాన్న అని చెప్పవచ్చు. మేనేజరుకు ఫోన్ చేసి ఆ సంగతి చెబుతానని అనవచ్చు. ఆవిడ నంబరు నా జేబులోనే ఉంది. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, నాకు నిజంగా ఏమైనా నష్టం జరిగిందేమోనని భయపడుతూ.

"ఏం రాలేదులే" అన్నాను. "పర్వాలేదమ్మా, అవుతుంటాయి ఇలాంటివి. మనసులో పెట్టుకోకు."

ఆమె ముఖం తేలికపడింది. దండం పెట్టి, లోపలికి వెళ్లి తన చోట కూర్చుంది. ఆమెను నేను క్షమించాను.